డేటా సైన్స్‌తో విద్యుత్తు, వరద, విపత్తు రంగాలకు: కోవూరు షిఫ్ట్ ఆపరేటర్ ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర ఒక గ్రామం. నేను 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. మా అబ్బాయి నెల్లూరులో బీటెక్ సీఎస్ఈ డేటా సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. 2021 నవంబరులో పెన్నా వరదను చూసిన దగ్గరనుంచి కరెంటు, నీరు, రోడ్లు వంటివాటిని కాపాడే పనిలోకి, విపత్తుల నిర్వహణలోకి వెళ్తానంటున్నాడు. డేటా సైన్స్ చదివినవారికి అలాంటి ఉద్యోగాలు నిజంగా ఉన్నాయా? క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే వదులుకుని ఎంటెక్ చేయించాలా? ప్రాజెక్టు కోసం మా సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ పేజీలను ఫోటోలు తీసి ఇమ్మంటున్నాడు. ఇవ్వవచ్చా?

సమాధానం: ఉద్యోగాలు ఉన్నాయి. అయితే ‘విపత్తుల డేటా సైంటిస్టు’ అనే పేరుతో నోటిఫికేషన్ వస్తుందని ఎదురుచూస్తే మాత్రం నిరాశే మిగులుతుంది. ఈ పని విద్యుత్తు సంస్థలో లోడ్ అంచనా పేరుతో, నీటిపారుదలలో వరద అంచనా పేరుతో, సైబర్ భద్రతా సంస్థలో అసాధారణ కదలికలను పసిగట్టే పని పేరుతో జరుగుతూ ఉంటుంది. కాబట్టి మీ అబ్బాయి ముందుగా తేల్చుకోవలసినది ఏ అల్గారిదం నేర్చుకోవాలన్నది కాదు, ఏ వ్యవస్థను లోతుగా తెలుసుకోవాలన్నది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఏ కాలేజీలోనైనా వస్తుంది. ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వెళ్లే లైను) ఎందుకు ట్రిప్ అయిందో, అది ఓవర్ కరెంటా ఎర్త్ ఫాల్టా అన్నది ఎలా తెలుస్తుందో, లైన్‌మన్‌కు ఎల్‌సీ (లైను ఆపి పనిచేసుకునే అనుమతి) ఇచ్చాక తిరిగి చార్జ్ చేసే ముందు ఏమేమి చూసుకోవాలో చెప్పగల మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు. అందుకే నా సలహా విద్యుత్తు వైపే మొగ్గుతుంది.

వరద విషయానికే వస్తే, 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు పెన్నాలో కలుస్తుంది, ఆ నీరంతా సోమశిల జలాశయానికే రావాలి. సోమశిల నుంచి వదిలిన వరదకు మీ దగ్గర పడుగుపాడు వద్ద రైలు కట్ట కొట్టుకుపోవడమూ, పదహారో నంబరు జాతీయ రహదారి తెగి రాకపోకలు ఆగిపోవడమూ మీరు కళ్లారా చూసే ఉంటారు. చెన్నై, విజయవాడల మధ్య రైలు మార్గమూ జాతీయ రహదారీ ఆ ప్రాంతంలో పెన్నాను దగ్గరదగ్గరగానే దాటుతాయి కనుక ఒకే వరద రెండింటినీ ఒకేసారి ఆపివేయగలిగింది. కాగితం మీద రైలు ఒక శాఖది, రోడ్డు మరొక శాఖది. నది లెక్కలో మాత్రం రెండూ ఒకటే. ఇలాంటి పరస్పర ఆధారాలను ముందుగా గుర్తించడం ఈ రంగంలో ముఖ్యమైన పనులలో ఒకటి. కరెంటు పోతే సెల్ టవర్ బ్యాటరీ, జనరేటరు ఎంతసేపు నిలుస్తాయి, టవర్ ఆగితే హెచ్చరిక సందేశం ఎన్ని గ్రామాలకు అందదు, రక్షిత నీటి పథకం మోటారు ఏ ఫీడరు మీద ఉంది అన్న ప్రశ్నలన్నిటినీ ఒకే చిత్రపటంలోకి తీసుకురావడానికి బిందువులు, వాటిని కలిపే గీతలతో లెక్కలు చేసే గ్రాఫ్ థియరీ అనే గణిత శాఖ పనికొస్తుంది. అబ్బాయి దానిని సిలబస్‌లో చదివే ఉంటాడు. పరీక్ష అయ్యాక పక్కన పెట్టకుండా ఉండాలి, అంతే.

ఎవరి అనుమతీ అవసరంలేని మంచి ప్రాజెక్టు ఒకటి ఇందులోనే ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ పటం నుంచి కోవూరు, కొడవలూరు, బుచ్చిరెడ్డిపాలెం మండలాల రోడ్లను తీసుకుని, పడుగుపాడు వద్ద రహదారి తెగితే ఏ ఏ గ్రామాల నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి దారి ఎన్ని కిలోమీటర్లు పెరుగుతుందో, ఏ గ్రామానికి అసలు దారే ఉండదో లెక్కగట్టమనండి. ఫలితాన్ని ఆ ఊళ్ల పెద్దలకు చూపించి, ‘ఆ రోజు మీరు నిజంగా ఏ దారిన వెళ్లారు’ అని అడగమనండి. పటంలో రోడ్డుగా కనిపించేది కాలువ గట్టు అని, ఆటో కూడా పోలేదని ఎవరో ఒకరు చెబుతారు. ఆ దిద్దుబాట్లతో సహా రాసిన నివేదిక ఇంటర్వ్యూలో పది సర్టిఫికెట్లకన్నా ఎక్కువ విలువ చేస్తుందని నా అభిప్రాయం.

ఈ రంగంలో కొత్తవారు సాధారణంగా రెండు చోట్ల బోల్తాపడతారు. మొదటిది ఖచ్చితత్వపు శాతం. ఏడాదికి 8,760 గంటలు. ఒక ఫీడరులో పెద్ద ప్రమాదం వాటిలో 5 గంటలలోనే జరిగిందనుకుందాం. ‘ఏమీ జరగదు’ అని ఎప్పుడూ ఒకే మాట చెప్పే మోడల్ (అంచనా వేసే ప్రోగ్రాం) కూడా 99.94 శాతం సరైనదే అవుతుంది, కానీ అది పట్టుకోవలసిన అయిదు గంటలనూ వదిలేస్తుంది. విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలలో 99 శాతం అని కనిపించినప్పుడల్లా నేను అడిగే ప్రశ్న ఒకటే: నిజమైన ప్రమాదాలలో ఎన్నింటిని పట్టుకున్నావు, ఎన్నిసార్లు ఉత్తుత్తి గంట కొట్టావు? తప్పుడు అలారాలు రోజూ మోగితే ఆపరేటరు వాటిని పట్టించుకోవడం మానేస్తాడన్నది మీకు నేను చెప్పనక్కరలేదు.

రెండవది పరీక్షించే పద్ధతి. వరద లెక్కలను వరుసల వారీగా కలిపేసి, యాదృచ్ఛికంగా కొన్ని వరుసలతో నేర్పించి మిగిలినవాటితో పరీక్షిస్తే ఒకే వరదకు చెందిన గంటలు రెండువైపులా పడతాయి. అప్పుడు మోడల్ జవాబును ముందే చూసినట్లవుతుంది. 2015 నవంబరులో నెల్లూరు జిల్లాను ముంచిన వానల లెక్కలతో నేర్పించి, 2021 వరదను పూర్తిగా దాచిపెట్టి దానిమీద పరీక్షించడమే సరైన పద్ధతి. ఫలితం సాధారణంగా తగ్గుతుంది. తగ్గిన ఆ అంకెనే నివేదికలో రాయమనండి. ఇదే సందర్భంలో ‘వందేళ్లకు ఒకసారి వచ్చే వరద’ అన్న మాట అర్థాన్ని కూడా సరిగా తెలుసుకోవాలి. ఏ సంవత్సరంలోనైనా ఒక శాతం అవకాశం ఉన్న వరద 30 ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. ఒక ఇంటి అప్పు తీరే కాలంలో ఇది చిన్న అంకె కాదు.

విద్యుత్తులో నేరుగా డేటా సైన్స్ అడిగే పనులు ఇప్పటికే ఉన్నాయి. గ్రిడ్‌లో ఉత్పత్తినీ వాడకాన్నీ సరిచూసే లోడ్ డిస్పాచ్ కేంద్రాలు రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ప్రతి భాగానికీ డిమాండునూ ఉత్పత్తినీ అంచనా వేసుకుంటాయి. గాలి, సౌర విద్యుత్తు ఉత్పత్తిదారులు కూడా ఇలాగే ముందస్తు అంచనాలు ఇవ్వవలసి ఉంటుంది కనుక ఆ అంచనాలు తయారుచేసే ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి. కొత్తగా చదువు ముగించినవారికి తొందరగా తలుపు తెరిచేవి ఇవే. తుపాను తరువాత కరెంటు పునరుద్ధరణ క్రమాన్ని నిర్ణయించడం ఇంకా ఆసక్తికరమైన సమస్య. మన తీరంలో ఆసుపత్రి, మంచినీటి పథకంతో పాటు రొయ్యల చెరువులున్న ఫీడర్లు కూడా ఉంటాయి. రాత్రి గడిచేకొద్దీ చెరువు నీటిలో ప్రాణవాయువు తగ్గుతూ తెల్లవారుజామున కనిష్ఠానికి చేరుతుంది. నీటిలోకి గాలిని కలిపే ఏరియేటర్లు ఆగి, డీజిల్ జనరేటరు లేకపోతే ఏడాది పెట్టుబడి ఒక్క రాత్రిలో పోతుంది. ఉన్న కొద్దిమంది లైన్‌మన్‌లను ముందు ఏ ఫీడరుకు పంపాలన్నది గణితపు ప్రశ్న, న్యాయపు ప్రశ్న కూడా. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన ప్రాంతమంతా చూసిన పరిస్థితి ఇదే.

భద్రత వైపు చూస్తే, 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో జరిగిన దాడిని అబ్బాయి తప్పక చదవాలి. ఈమెయిల్ ద్వారా నెలల ముందే లోపలికి చొరబడిన దుండగులు విద్యుత్తు పంపిణీ సంస్థల నియంత్రణ కంప్యూటర్లను తమ చేతిలోకి తీసుకుని బ్రేకర్లు (లైన్లను కలిపే, విడదీసే పెద్ద స్విచ్చులు) తెరిచి కరెంటు ఆపేశారు. ఒక కేంద్రంలో ఆపరేటరు చూస్తుండగానే తెరమీద మౌస్ గుర్తు తనంతట తాను కదిలింది. సుమారు 2 లక్షల 25 వేల కనెక్షన్లకు కరెంటు పోయింది. కొన్ని గంటల్లోనే తిరిగి రావడానికి కారణం సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లను చేత్తో మూయగలగడం. కంప్యూటర్ వచ్చాక మీ వంటివారి అవసరం తీరిపోతుందని ఎవరైనా అంటే ఈ ఉదాహరణ చెప్పండి. మన దేశంలో ఇటువంటి కీలక సమాచార వ్యవస్థల రక్షణకు ఎన్‌సీఐఐపీసీ అనే కేంద్రం 2014 నుంచి ఉంది. సైబర్ సంఘటనలను గుర్తించిన ఆరు గంటలలోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశాలు వచ్చిన తరువాత, సంస్థలలో నిఘా సిబ్బంది అవసరం పెరిగింది.

నీరు, వాతావరణం వైపు కేంద్ర జలసంఘం, భారత వాతావరణ శాఖ, హైదరాబాదులోని ఎన్ఆర్ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం), సునామీ హెచ్చరిక కేంద్రాన్ని నడుపుతున్న ఇన్‌కాయిస్ ఉన్నాయి. వీటిలో ప్రాజెక్టు పోస్టులు కొంతకాలానికే పరిమితమైనవి. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థలోనూ ఏజెన్సీల ద్వారా తీసుకునేవి ఉంటాయి. అనుభవానికి మంచివే, కానీ పర్మనెంట్ ఉద్యోగమని బంధువులకు చెప్పుకోవడానికి తొందరపడవద్దు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ జలాశయం గేటు 2022 ఆగస్టులో ఒకటి, 2023 డిసెంబరులో మరొకటి కొట్టుకుపోయాయి. గేట్ల తుప్పు గురించీ నిర్వహణ గురించీ అప్పట్లో విస్తృతంగా చర్చ జరిగింది. కంటికి కనిపించే తుప్పును కనిపెట్టడానికి మోడల్ అవసరం లేదు. ఎన్నో గేట్లలో దేనిని ముందు బాగుచేయాలన్న క్రమం తేల్చడానికి మాత్రం తనిఖీ రికార్డులు అవసరం, ఆ రికార్డులు సక్రమంగా ఉంటేనే డేటా సైన్స్‌కు పని. ఈ పరిమితి తెలిసిన కుర్రవాడిని ఇంజనీర్లు గౌరవిస్తారు.

ఎంటెక్ గురించి. క్యాంపస్ ఉద్యోగం వస్తే చేరమనండి, బాండు షరతులు మాత్రం చదివి సంతకం చేయాలి. మూడో సంవత్సరం విద్యార్థులు కూడా ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాయవచ్చును, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి వేరే పేపరు కూడా ఉంది. అంటే ఉద్యోగంలో ఉంటూనే నిర్ణయం తీసుకునే వ్యవధి అతనికి ఉంటుంది. ఆ వ్యవధిలో అతను ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో పవర్ సిస్టమ్స్ ప్రాథమిక కోర్సు, టైమ్ సిరీస్ (కాలక్రమపు లెక్కల విశ్లేషణ) కోర్సు పూర్తిచేసి, అప్పటికీ ఈ ఆసక్తి నిలిచి ఉంటే ఎంటెక్‌కు పంపండి. ఉపగ్రహ చిత్రాలవైపు మనసు మళ్లితే డెహ్రాడూన్‌లోని ఐఐఆర్ఎస్ (భారత రిమోట్ సెన్సింగ్ సంస్థ) ఉంది. అక్కడి ఎంటెక్ పట్టా ఇచ్చేది మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే. వారి ఉచిత ఆన్‌లైన్ కోర్సులతో ముందుగా రుచి చూడవచ్చును. పెద్ద ఫీజు కట్టించుకుని ఆరు నెలల్లో డేటా సైంటిస్టును చేస్తామనే ప్రైవేటు కోర్సులకు మాత్రం అప్పు చేయవద్దు.

ఇక లాగ్‌బుక్. ఫోటోలు తీసి ఇవ్వవద్దు. ఐటీ చట్టం 70వ సెక్షను కింద రక్షిత వ్యవస్థగా ప్రకటించిన కంప్యూటర్లలోకి అనుమతి లేకుండా ప్రవేశిస్తే పదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. మీ లాగ్‌బుక్ ఆ కోవలోకి రాదు, అయినా అది సంస్థ రికార్డు. ఏ ఫీడరు మీద ఆసుపత్రి ఉంది, ఏ వేళ లోడు ఎంత, ఏ బ్రేకరు తరచూ మొరాయిస్తోంది అన్నవి బయటివారికి తెలియకూడని వివరాలు. విద్యార్థి లాప్‌టాప్‌లో ఉన్న ఫోటో రేపు ప్రాజెక్టుతోపాటు ఇంటర్నెట్‌లోకి ఎక్కుతుంది, అప్పుడు మాట పడేది మీరు. దానికి బదులు కాలేజీ లెటర్‌హెడ్ మీద, గైడు సంతకంతో, మీ ఏడీఈ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీర్) గారికి దరఖాస్తు పెట్టించండి. అందులో గంటవారీ ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఉష్ణోగ్రత, వైండింగ్ ఉష్ణోగ్రత, వోల్టేజీని సరిచేసే ట్యాప్ స్థానం, ట్రిప్పుల సమయాలు మాత్రమే కావాలనీ, సబ్‌స్టేషన్, ఫీడర్ల పేర్లు తొలగించి ఇవ్వవచ్చుననీ, రెండేళ్ల కిందటి లెక్కలైనా సరిపోతాయనీ, నివేదికను ప్రచురించే ముందు చూపిస్తామనీ స్పష్టంగా రాయాలి. మీ అబ్బాయి కనుక ఆ ఫైలు మీ చేతుల మీదుగా నడవకపోవడమే మంచిది. అనుమతి రాకపోతే ఖాళీ నమూనా పేజీ ఒకటి గీసి, ప్రతి గడిలో ఏమి రాస్తారో, ఏ అంకె కనిపిస్తే మీకు అనుమానం వస్తుందో ఒక ఆదివారం కూర్చోబెట్టి చెప్పండి. సింగపూర్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం ఒకటి నమూనా నీటిశుద్ధి కేంద్రాన్ని ఏడు రోజులు మామూలుగా, నాలుగు రోజులు దాడుల మధ్య నడిపి సేకరించిన స్వాట్ అనే డేటాను పరిశోధకులు అడిగితే ఇస్తుంది. మీరు చెప్పిన అనుమానపు లక్షణాలను దానిమీద పరీక్షించి ప్రాజెక్టు పూర్తిచేయవచ్చును.