మడత చాకు పిడిని బట్టి శబ్దం ఎందుకు మారుతుంది? బ్లేడు తిరిగే ఇరుసు స్క్రూ వదులైతే ఏం చేయాలి?

బ్లేడు తెరుచుకుని, దాన్ని కదలకుండా పట్టే లాక్‌కి తగిలినప్పుడు పుట్టే శబ్దాన్ని మోగించేదీ, మింగేసేదీ పిడే. టైటానియం ఖంగుమంటుంది, లోపల తొలిచి బోలుగా చేస్తే మరీనూ. గాజు నారకు ఎపాక్సీ పట్టించి చేసే జీ10, నైలాన్ టక్కుమని ఊరుకుంటాయి. మోత బాగుందని కత్తి మంచిదనుకోవద్దు.

తెరిచి మూసే అదురుకి స్క్రూ మెల్లగా వదులవుతుంది. స్క్రూ తీసి, మరల్లోని పాత నూనెను స్పిరిట్‌తో పూర్తిగా తుడిచి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) చిన్న చుక్క వేయండి. ఎరుపుది వద్దు, తర్వాత వేడి చేస్తే గాని ఊడదు. ఈ జిగురు బ్లేడు తిరిగే బేరింగ్ మీద పడితే బ్లేడు పట్టేస్తుంది. కొన్ని ప్లాస్టిక్‌లు ఈ జిగురుకి పగుళ్లిస్తాయి, అందుకే ప్లాస్టిక్ పిడికి అంటనివ్వకండి.

ఫ్రాన్స్‌వారి ఒపినెల్ చాకు చెక్క పిడికైతే స్క్రూ గొడవే లేదు, ఉన్నది రివెట్ (మరలు లేని, కొట్టి బిగించిన మేకు). తడిస్తే చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది. నీడలో ఆరనిస్తే మళ్లీ కదులుతుంది.