టెక్ సందేహాలు: బిల్లు అకౌంట్స్ బల్ల మీదికి చేరాలి

ప్రశ్న: ఇంటి నుంచి ఇంగ్లిష్–తెలుగు అనువాదాలు చేస్తాను. హైదరాబాద్‌లోని ఒక సంస్థకు 60 వేల రూపాయల పని పూర్తిచేసి, లెక్క వాట్సాప్‌లో పంపాను. నాలుగు నెలలైంది. అడిగితే ‘అకౌంట్స్‌లో ఉంది’ అంటున్నారు. బిల్లులకు మంచి యాప్ చెప్పండి.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

యాప్ సంగతి తరువాత చూద్దాం. మీకు పని అప్పగించిన మనిషి వేరు, డబ్బు విడుదల చేసే మనిషి వేరు. మీ వాట్సాప్ సందేశం మొదటి మనిషి ఫోనులోనే ఉండిపోయి ఉంటుంది. అకౌంట్స్ విభాగానికి కావలసింది ఫైలులో పెట్టుకోగలిగే కాగితం. నాలుగు నెలలు ఓపిక పట్టారు, ఇక ఈ రోజే పీడీఎఫ్ బిల్లు తయారుచేయండి.

అందులో బిల్లు నంబరు, తేదీ, పాన్ కార్డులో ఉన్నట్టే మీ పేరు, పాన్, చిరునామా ఉండాలి. సంస్థ పూర్తి పేరు, వారు వర్క్ ఆర్డర్ ఇచ్చి ఉంటే దాని నంబరు, ఏ పని, ఎన్ని పదాలు, పదానికి ఎంత, చెల్లించాల్సిన గడువు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ రాయండి. పాన్ లేని బిల్లును చాలాచోట్ల పక్కన పెట్టేస్తారు.

పదాల లెక్క ఏ భాషదో కూడా రాయండి. ‘హి ఈజ్ నాట్ ఇన్ ది హౌస్’ ఇంగ్లిష్‌లో ఆరు పదాలు. ‘అతను ఇంట్లో లేడు’ అంటే మూడే. వర్డ్ సాఫ్ట్‌వేర్ ఖాళీలను చూసి లెక్కవేస్తుంది కాబట్టి, విభక్తులు కలిసిపోయే మన భాష దాని కంటికి ఎప్పుడూ చిన్నదే. తెలుగు పదాలను లెక్కించి బిల్లు వేస్తే కష్టంలో పెద్ద భాగం లెక్కలోకే రాదు. మూలప్రతిలోని పదాల ప్రకారమే బిల్లు వేయండి, పని మొదలుపెట్టే ముందే ఆ మాట మెయిల్‌లో ఒప్పించుకోండి.

బిల్లును మీకు పని ఇచ్చినవారికీ, అకౌంట్స్‌కూ కలిపి మెయిల్ చేయండి. ఈ రెండు వాక్యాలు చాలు: ‘60,000 రూపాయల బిల్లు నంబరు 7 జతచేశాను. చెల్లింపు తేదీ తెలియజేయగలరు.’ క్షమాపణలు వద్దు. అడుగుతున్నది అప్పు కాదు, మీ కూలి.

ఖాతాలో 54 వేలే పడితే కంగారు పడకండి. వృత్తిపరమైన ఫీజు ఒక సంస్థ నుంచి ఏడాదిలో 50 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు. అది మీ పాన్ మీద జమైందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో పన్ను జమల పత్రం (26ఏఎస్) తెరిచి చూసుకోండి. మొత్తం వార్షిక ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్ను వేసి వెనక్కి తీసుకోవచ్చు. ఇక జీఎస్టీ విషయం: సేవల మీద వచ్చే రాబడి ఏడాదికి 20 లక్షలు దాటనంత వరకు సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ వేయకూడదు.

మరొక పని తప్పక చేయండి. చిన్న సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు కండి. ఆధార్, పాన్ చాలు, పైసా ఖర్చు ఉండదు. రుసుము అడిగితే అది ప్రభుత్వ సైటు కాదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు మించకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ‘బ్యాంక్ రేటు’కు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీతో చెల్లించాలి. ఫిర్యాదుకు ప్రభుత్వ పోర్టల్ ఉంది. అయితే నమోదుకు ముందు చేసిన పనికి ఇది వర్తిస్తుందా అన్నది కోర్టుల్లో నలిగిన వివాదం. అందువల్ల ఈ 60 వేలకు దీన్ని నమ్ముకోవద్దు, రాబోయే పనులకు కవచంగా పెట్టుకోండి.

యాప్ అడిగారు కదా. జోహో ఇన్‌వాయిస్ ఉచితం. నెలకు రెండు మూడు బిల్లులే అయితే ఎక్సెల్ కూడా సరిపోతుంది.

ప్రశ్న: అమెరికా క్లయింట్ 500 డాలర్లు పంపారు. బ్యాంకులో లెక్క కంటే తక్కువ పడింది. ఎక్కడ పోయింది?
– ఒక వెబ్ డిజైనర్, వరంగల్

రెండు చోట్ల పోయి ఉంటుంది. స్విఫ్ట్ (దేశాల మధ్య బదిలీలకు బ్యాంకులు వాడే సందేశ వ్యవస్థ) ద్వారా వచ్చే డబ్బు దారిలో మధ్యవర్తి బ్యాంకులు తమ ఛార్జీ మినహాయించుకుంటాయి. తరువాత మీ బ్యాంకు మార్కెట్ ధర కంటే తక్కువకు డాలరును రూపాయల్లోకి మారుస్తుంది. డాలరుకు రూపాయి తగ్గినా 500 రూపాయలు పోయినట్టే. బదిలీ ఛార్జీలన్నీ పంపేవారివేనని బిల్లులోనే రాయండి. బ్యాంకు ఫారంలో ఆ ఎంపికను ‘అవర్’ (OUR) అంటారు. మార్పిడి రేటు గురించి మీ బ్రాంచిలో అడగండి, మొహమాటపడకండి. విదేశీ సొమ్ము అందినట్టు బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రాన్ని ప్రతిసారీ తీసుకుని దాచుకోండి, పన్ను లెక్కల్లో అదే ఆధారం.

ప్రశ్న: డీటీపీ పని చేస్తాను. అను ఫాంట్లతో తయారుచేసిన తెలుగు బిల్లు కస్టమర్ ఫోనులో పిచ్చి గుర్తులుగా కనిపిస్తోంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

ఆ ఫాంటు అవతలివారి దగ్గర లేదు, అంతే. బిల్లు వరకైనా యూనికోడ్‌లో (అన్ని ఫోన్లూ చదవగలిగే అక్షర పద్ధతిలో) టైప్ చేయండి. పాత ఫైలునే వాడాలంటే ఫాంట్లు లోపల ఇమిడేలా పీడీఎఫ్ చేయండి. పంపేముందు దాన్ని మీ ఫోనులో ఒకసారి తెరవండి. ఖాతా నంబరులో ప్రతి అంకె సరిగా కనిపిస్తేనే పంపండి.