మ్యాక్రో రాసే ముందు ఎల్స్ సంగతి చూడు

చిన్నీ,

నువ్వు పంపిన సీ భాష కోడ్ మొత్తం చదివాను, రెండు సాయంత్రాలు పట్టింది. లోపలి పని బావుంది. ప్యాకెట్లు విడగొట్టే భాగమైతే నేను రాసినా అంత శుభ్రంగా రాయలేనేమో. కానీ ప్రతి ఫంక్షన్ మధ్యలో ఒక #ఇఫ్‌డెఫ్ (ఫలానా పేరు డిఫైన్ అయి ఉంటేనే ఈ ముక్క కంపైల్ చెయ్ అనే షరతు), దాని కడుపులో ఇంకో #ఇఫ్‌డెఫ్, మొత్తం అతుకుల బొంతలా తయారైంది. నీ జీసీసీ కంపైలర్‌లో పనిచేస్తోంది, మైక్రోసాఫ్ట్ వాళ్ల విజువల్ స్టూడియో కంపైలర్‌లో ఎర్రర్లు వచ్చాయి, వచ్చిన చోటల్లా ఒక అతుకు వేసుకుంటూ పోయావు, ఇప్పుడు ఎర్రర్లు లేవు గానీ చదివిన విలువలు తప్పు వస్తున్నాయి. అంతేగా నీ గోల? ఆ ఎర్రర్లు ఎలా పోయాయో చూస్తే తప్పెక్కడుందో తెలుస్తుంది. (ఫోన్‌లో తెలుగు కీబోర్డ్ మీద కొడుతున్నా, మ్యాక్రోల పేర్లు, అంటే కంపైల్‌కి ముందే వాటి చోట వేరే ముక్క వచ్చి కూర్చునే పేర్లు కూడా తెలుగులోనే పడుతున్నాయి, కోడ్‌లోకి ఎక్కించేటప్పుడు నువ్వే మార్చుకో.)

ముందు నీ బగ్ సంగతి. జీసీసీలో ఫంక్షన్‌కో స్ట్రక్చర్‌కో ప్రత్యేక గుణాలు తగిలించే __యాట్రిబ్యూట్__ అంటే విజువల్ స్టూడియోకి ఏంటో తెలీదు, ఎర్రర్ ఇచ్చింది. నువ్వేం చేశావు, జీసీసీ కాకపోతే __యాట్రిబ్యూట్__(ఎక్స్) అనేదాన్ని ఖాళీగా #డిఫైన్ చేసేశావు. ఒక్క లైనుతో బోలెడు ఎర్రర్లు మాయం, హాయిగా ఉంది కదా. నేనూ ఒకప్పుడు అదే చేశాను, అందుకే తిట్టడం లేదు. కానీ ఆ ఖాళీలో ఏమేం కొట్టుకుపోయాయో చూడు. ఫంక్షన్ తిరిగి రాదని చెప్పే నోరిటర్న్ పోయింది, ఫర్వాలేదు. వాడని పారామీటర్ మీద అన్‌యూజ్డ్ పోయింది, ఫర్వాలేదు, ఒక వార్నింగ్ ఎక్కువొస్తుంది. ప్రింట్‌ఎఫ్ ఫార్మాట్ సరిచూసేది పోయింది, అదీ ఫర్వాలేదు. వాటితో పాటే నీ ప్యాకెట్ హెడర్ స్ట్రక్చర్ మీద ఉన్న ప్యాక్డ్ (మధ్యలో ఖాళీ బైట్లు వదలొద్దని చెప్పేది) కూడా పోయింది. ఒక బైట్ టైపు, నాలుగు బైట్ల పొడవు, రెండు బైట్ల చెక్‌సమ్, వెరసి 7 బైట్లు. ప్యాక్డ్ లేకపోతే పొడవు ముందు 3 బైట్ల ఖాళీ, చివర ఇంకో 2 బైట్ల ఖాళీ చేరి 12 అవుతుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, చాప కింద నీరులా పని కానిచ్చేస్తుంది. నువ్వేమో ఫైల్లోంచి 7 బైట్లు తెచ్చి 12 బైట్ల స్ట్రక్చర్‌లో పోస్తున్నావు. పొడవు తప్పు రాక ఏమొస్తుంది?

అందుకే కంపైలర్ కోసం ఏ మ్యాక్రో రాసినా ముందు ఒక్క ప్రశ్న వేసుకో: ఈ కంపైలర్‌కి ఇది తెలీకపోతే, ఖాళీగా వదిలేసినా ప్రోగ్రామ్ అదే పని చేస్తుందా? చేస్తుంది అనుకుంటే అది సూచన మాత్రమే, #ఎల్స్‌లో (షరతు తప్పినప్పుడు వెళ్లే దారిలో) ఖాళీ పెట్టుకో, నిశ్చింతగా నిద్రపో. లైక్లీ, అన్‌లైక్లీ (ఈ షరతు ఎక్కువసార్లు నిజం, లేదా అబద్ధం అని చెప్పేవి), నోరిటర్న్, అన్‌యూజ్డ్, ఫార్మాట్ ఇవన్నీ ఆ జాతి. (లైక్లీకి మాత్రం ఖాళీ కాదు, బ్రాకెట్లలో ఎక్స్ ఒక్కటే మిగలాలి, లేకపోతే ఇఫ్‌లో షరతే ఉండదు.) చేయదు అనుకుంటే అది అర్థాన్నే మార్చేది. ప్యాక్డ్, అలైన్డ్, థ్రెడ్ లోకల్, వీక్, అటామిక్, ఇవి ఆ జాతి. వీటికి #ఎల్స్‌లో ఖాళీ పెట్టడమంటే అబద్ధం చెప్పడమే. అక్కడ ఆ కంపైలర్‌కి తగిన దారి రాయాలి, దారి లేకపోతే #ఎర్రర్ పెట్టి "ఈ కంపైలర్‌లో ఇది ఎలా చేయాలో చూసుకోండి" అని ఆపేయాలి. ఎర్రర్ వస్తే పది నిమిషాల పని. రాకుండా తప్పు విలువలు వస్తే ఎన్ని రాత్రుళ్లు పోతాయో నీకిప్పుడు తెలిసే ఉంటుంది.

ప్యాక్డ్‌కి విజువల్ స్టూడియోలో #ప్రాగ్మా ప్యాక్ ఉంది, పుష్ కామా 1 అని స్ట్రక్చర్ ముందు, పాప్ అని తర్వాత. జీసీసీ, క్లాంగ్ (ఇంకో కంపైలర్) కూడా దాన్ని అర్థం చేసుకుంటాయి, కాబట్టి ఇక్కడ మ్యాక్రో అవసరమే లేదు, అన్నిటికీ అదే రాసెయ్యొచ్చు. కింద ఒక _స్టాటిక్_అసర్ట్ పెట్టి సైజ్ 7 కాకపోతే కంపైలే కాకూడదు అను. కానీ నన్నడిగితే స్ట్రక్చర్‌ని నేరుగా ఫైలు మీద పరచడమే మానేస్తాను. బైట్లు ఒక్కొక్కటే తీసుకుని షిఫ్ట్ చేసి కలుపుకో. ఏ కంపైలర్‌లోనైనా ఒకే జవాబు, బైట్ల క్రమం ఎటున్నా ఒకే జవాబు, మ్యాక్రో ఒక్కటీ అక్కర్లేదు. షిఫ్ట్ చేసే ముందు బైట్‌ని 32 బిట్ల అన్‌సైన్డ్‌లోకి మార్చుకోవడం మర్చిపోకు, లేకపోతే అది ఇంట్ (సైన్ ఉన్న పూర్ణాంకం) అయిపోతుంది, 24 చోట్లు జరిపినప్పుడు సైన్ బిట్ మీద పడి కొత్త తలనొప్పి.

నా సంగతి ఒకటి చెప్తా, నవ్వుకో. పాత విజువల్ స్టూడియోల్లో ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ (అక్షరాలను బఫర్‌లో, దాని సైజు దాటకుండా రాసే ఫంక్షన్) లేదు, ముందు అండర్‌స్కోర్ ఉన్న _ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ ఉండేది. పేరు దగ్గరగా ఉంది కదా అని ఒకదాన్ని ఇంకోదానికి #డిఫైన్ చేసి పారేశాను. రెండూ ఒకటి కావు. బఫర్ చాలకపోతే అసలుది చివర సున్నా పెట్టి ఆపుతుంది, ఎంత పొడవు కావాల్సి ఉండేదో చెప్తుంది. ఆ అండర్‌స్కోర్‌ది బఫర్ నింపేసి చివర సున్నా పెట్టదు, మైనస్ విలువ ఇస్తుంది. నా కోడ్ ఆ మైనస్‌ని పొడవు అనుకుని లెక్కల్లో కలుపుకుంది. చిన్న పేర్లతో నెలల తరబడి బ్రహ్మాండంగా నడిచింది, ఎవరో పొడుగాటి పేరు ఇచ్చిన రోజున కూలింది. కథ అక్కడితో అయిపోలేదు. విజువల్ స్టూడియో 2015లో అసలైన ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ వచ్చేసింది. వస్తూ వస్తూ, ఎవరైనా ఆ పేరుని మ్యాక్రోగా పెట్టి ఉంటే కంపైల్ ఆపేసే #ఎర్రర్ కూడా వాళ్ల హెడర్ ఫైల్లోనే పెట్టారు. అంటే నా మందు రోగం కుదిరాక కూడా కరిచింది. కాబట్టి పేరు కలిసింది కదా అని మ్యాక్రోతో ముడి వేయకు, పని కలిసిందో లేదో చూడు. కలవకపోతే నీ సొంత పేరుతో చిన్న ఫంక్షన్ రాసుకుని దాని లోపల తేడాలు సర్దుకో.

ఇక నీ అటామిక్ కౌంటర్, రెండు థ్రెడ్లు (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే దారాలు) ఒకేసారి పెంచినా లెక్క తప్పకూడనిది. ఇది చదువుతున్నప్పుడు కాఫీ కప్పు కింద పెట్టేశాను. జీసీసీకి ఎస్‌టీడీ అటామిక్ హెడర్ 4.9లో వచ్చింది, నిజమే, బాగా వెతికి పట్టుకున్నావు. ఆ తర్వాత నువ్వు రాసిన షరతు: __జీఎన్‌యూసీ__ (జీసీసీ వెర్షన్‌లో పెద్ద సంఖ్య) 4 లేదా ఎక్కువ, మరియు __జీఎన్‌యూసీ_మైనర్__ (చిన్న సంఖ్య) 9 లేదా ఎక్కువ. చదవడానికి చక్కగా ఉంది. కానీ 4.9 తర్వాత, 2015లో, వచ్చింది 5.1. పెద్దది 5, చిన్నది 1. ఒకటి తొమ్మిది కంటే చిన్నది, షరతు తప్పింది. ఆ తర్వాత ఏ జీసీసీలోనూ చిన్న సంఖ్య 9 దాకా రాలేదు. అంటే నీ షరతు ప్రపంచం మొత్తం మీద 4.9 ఒక్కదానిలోనే నిజం, దానికి ముందూ అబద్ధమే, తర్వాతా అబద్ధమే. నీ సొంత మెషీన్‌లో కూడా ఇన్నాళ్లూ ఆ అటామిక్ భాగం ఒక్కసారి కూడా కంపైల్ కాలేదు తల్లీ! #ఎల్స్‌లో ఏముందో చూస్తే వోలటైల్ (విలువని ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని చెప్పేది). వోలటైల్‌కి అటామిక్‌కి సంబంధం లేదు, రెండు థ్రెడ్లు ఒకేసారి పెంచితే ఒక లెక్క గాల్లో కలిసిపోతుంది. ఇంతవరకు నీకు కనపడలేదంటే అది అదృష్టం తప్ప ఇంకేం కాదు.

వెర్షన్లు పోల్చాల్సి వస్తే, పెద్ద సంఖ్య 4 కంటే ఎక్కువ, లేదా సరిగ్గా 4 అయ్యుండి చిన్నది 9కి తక్కువ కాకూడదు, ఇలా రాయాలి. అయినా ఇక్కడ వెర్షన్ అడగడమే తప్పు ప్రశ్న. నీకు కావాల్సింది అటామిక్ ఉందా లేదా అన్నది, కంపైలర్ వయసు కాదు. __ఎస్‌టీడీసీ_వెర్షన్__ (సీ ప్రమాణం వెర్షన్ చెప్పేది, 201112 అంటే సీ11) 201112 లేదా పైన ఉండి, __ఎస్‌టీడీసీ_నో_అటామిక్స్__ డిఫైన్ కాకుండా ఉంటే వాడుకో, లేకపోతే #ఎర్రర్. విజువల్ స్టూడియోతో ఒక చిక్కుంది, సీ11 కావాలని ఆప్షన్ ఇవ్వకపోతే (ఆ ఆప్షన్ విజువల్ స్టూడియో 2019, 16.8లో వచ్చింది) ఆ వెర్షన్ మ్యాక్రోనే ఉండదు. లేని పేరు #ఇఫ్‌లో వస్తే ప్రీప్రాసెసర్ (కంపైల్‌కి ముందు # లైన్లు చూసేది) దాన్ని సున్నా అనుకుంటుంది, నోరు మెదపదు.

ఈ సున్నా అలవాటు భలే ప్రమాదం. నీ మూడో ఫైల్లో విజువల్ స్టూడియోని గుర్తుపట్టే _ఎంఎస్‌సీ_వెర్‌కి బదులు _ఎంఎస్‌వీసీ_వెర్ అని రాశావు, వీ ఒకటి ఎక్కువ పడింది. #ఇఫ్‌డెఫ్ కాబట్టి ఎవరూ అడగలేదు, ఆ ముక్క ఎక్కడా కంపైల్ కావడం లేదు. అందుకని నీ సొంత ఫీచర్ మ్యాక్రోలన్నీ ఉంటే 1, లేకపోతే 0 అని తప్పకుండా డిఫైన్ చేసి, వాడేచోట #ఇఫ్‌డెఫ్ కాకుండా #ఇఫ్ రాయి. జీసీసీ, క్లాంగ్‌లలో డబ్ల్యూ అన్‌డెఫ్ వార్నింగ్ పెట్టుకో. అప్పుడు పేరు తప్పు పడినా, హెడర్ చేర్చడం మర్చిపోయినా అరుస్తుంది. విజువల్ స్టూడియోలో అదే పని 4668 అనే వార్నింగ్ చేస్తుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, నువ్వే ఆన్ చేసుకోవాలి.

ఇంకో సంగతి, కంపైలర్లు వేషాలు వేస్తాయి. క్లాంగ్ కూడా __జీఎన్‌యూసీ__ డిఫైన్ చేస్తుంది, తనని తాను 4.2.1 అని చెప్పుకుంటుంది. ఎందుకంటే జీసీసీ కోసం రాసిన కోడ్ దానిలోనూ నడవాలి కదా. ఇంటెల్ పాత కంపైలర్ కూడా లినక్స్‌లో ఇదే వేషం. విండోస్‌లో క్లాంగ్ సీఎల్ అని ఇంకోటుంది, అది _ఎంఎస్‌సీ_వెర్ వేసుకుని తిరుగుతుంది. అందుకే ఎవరో తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు ముందు __క్లాంగ్__ అడుగు, తర్వాత __జీఎన్‌యూసీ__, చివరికి _ఎంఎస్‌సీ_వెర్. _విన్32 ఉంది కాబట్టి విజువల్ స్టూడియోనే అనుకోకు. అది ఆపరేటింగ్ సిస్టమ్ పేరు, విండోస్‌లో నడిచే మింజీడబ్ల్యూలో ఉన్నది జీసీసీయే. నువ్వు రెండు చోట్ల ఈ రెండూ కలిపేశావు. (64 బిట్ విండోస్‌లో కూడా _విన్32 ఉంటుంది, పేరు చూసి మోసపోకు.)

యాట్రిబ్యూట్లకైతే ఎవరని అడక్కుండా, ఉందా అని అడిగే __హ్యాజ్_యాట్రిబ్యూట్ ఉంది. క్లాంగ్‌లో మొదలై జీసీసీకి 5లో వచ్చింది. ఒక్క లైన్లో డిఫైన్ అయిందా, మరియు ప్యాక్డ్ ఉందా అని రాయకు, అది తెలియని కంపైలర్ రెండో సగం దగ్గర బ్రాకెట్ చూసి ఎర్రర్ ఇస్తుంది. అవసరం లేని సగం కదా వదిలేస్తుందిలే అనుకుంటాం, కానీ లైను మొత్తం వ్యాకరణం సరిపోతే గానీ లెక్క మొదలుపెట్టదు. ముందే అది లేకపోతే (ఎక్స్)కి 0 ఇచ్చేలా నీ సొంత పేరుతో ఒక మ్యాక్రో పెట్టుకుని దాన్ని వాడు.

ఇవన్నీ ఒకే హెడర్‌లో ఉండాలి, కంపాట్ అనో మరోటో పేరు పెట్టుకో. మిగతా ఫైళ్లలో కంపైలర్ పేరు కనపడకూడదు. ఫంక్షన్ మధ్యలో #ఇఫ్ కనిపిస్తే అది హెడర్‌లోకి పోవాల్సినది అక్కడ ఉండిపోయిందని లెక్క. పేర్లకి నీ లైబ్రరీ పేరు ముందు తగిలించు. రెండు అండర్‌స్కోర్లతో, లేదా అండర్‌స్కోర్ పక్కన పెద్ద అక్షరంతో మొదలయ్యే పేర్లు కంపైలర్ వాళ్లవి, వాటి జోలికి పోకు. వాళ్లు మాత్రం మన పేర్ల జోలికి వస్తారనుకో, లినక్స్ మీద జీసీసీ మామూలు మోడ్‌లో లినక్స్, యునిక్స్ అనే మాటలే 1 అని మ్యాక్రోలు. టైమ్‌స్టాంప్ వేరియబుల్‌కి యునిక్స్ అని పేరు పెట్టి ఓ పూటంతా బుర్ర గోక్కున్నాను. మెషీన్‌లో ఏమేం డిఫైన్ అయ్యాయో చూడాలంటే ఖాళీ ఫైలుతో జీసీసీకి మైనస్ డీఎం, మైనస్ ఈ ఇవ్వు, జాబితా మొత్తం కక్కేస్తుంది. ఒకసారి తీరిగ్గా చదువు, కథలా ఉంటుంది.

చివరగా నీ #ఎల్స్ భాగాలు. ఎప్పుడూ కంపైల్ కాని కోడ్ కోడ్ కాదు, ఎవరో ఒకరోజు వేరే కంపైలర్ తెచ్చేదాకా అందులో ఏం పురుగులున్నాయో తెలీదు. కంపాట్ హెడర్‌లో ఒక స్విచ్ పెట్టు, కమాండ్ లైన్లో మైనస్ డీతో అది ఇస్తే ఫీచర్లన్నీ 0 అయిపోయి ఫాల్‌బ్యాక్ (#ఎల్స్) దారిలోనే వెళ్లాలి. ఖాళీ పెట్టుకున్న సూచనలన్నీ ఆ దారిలో కంపైలై టెస్టులు పాసవ్వాలి, #ఎర్రర్ పెట్టినవి ఖచ్చితంగా ఆగాలి. రెండో రకానికి ఒక్కోటి విడిగా ఆపి చూడు, అన్నీ కలిపి ఆపితే మొదటి #ఎర్రర్ దగ్గరే నిలబడిపోతుంది.

ముందు ప్యాకెట్ హెడర్, తర్వాత అటామిక్ షరతు, ఈ రెండూ ఈ రాత్రికే సరిచెయ్, మిగతావి వారాంతంలో చూసుకోవచ్చు. అయ్యాక కంపాట్ హెడర్ ఒక్కటే పంపు, మళ్లీ మొత్తం ప్రాజెక్ట్ పంపావంటే చదవను.

మీ బాబాయ్