నాన్న ప్రతి పలకనప్పుడు

చి. సౌజన్యకు,

ఏంజెల్మన్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు మీద, దానికి పరీక్షిస్తున్న మందు మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష హాయిగా సాగింది. చిక్కంతా మొదటి పేజీలోని ఒక్క వాక్యంలో ఉంది: "ఈ మందు పాడైన జన్యువును బాగుచేస్తుంది." పాడైన దాని జోలికే అది పోదమ్మా. అది లేపేది బాగున్న రెండో ప్రతిని. ఈ తేడా పాఠకుడికి అందకపోతే మిగతా వ్యాసమంతా గాలిలో ఉంటుంది.

వరుస ఇలా పెట్టి చూడు. యూబీఈ3ఏ జన్యువు పదిహేనో క్రోమోజోము మీద ఉంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు ప్రతులు. ఒంట్లో చాలా కణాల్లో రెండూ పనిచేస్తాయి, మెదడులోని నాడీకణాల్లో (న్యూరాన్లలో) మాత్రం అమ్మ ప్రతే దిక్కు. నాన్న ప్రతిలో అక్షరదోషమేమీ లేదు. ఎదురు దిక్కు నుంచి డీఎన్‌ఏ నకలైన పొడవాటి ఆర్‌ఎన్‌ఏ ఒకటి తయారవుతూ వచ్చి దాన్ని పలకనివ్వదు, అంటే పనిచేయనివ్వదు. అమ్మ క్రోమోజోములో ఆ ఆర్‌ఎన్‌ఏ మొదలయ్యే చోట మిథైల్ గుర్తులు, అంటే డీఎన్‌ఏకి అతుక్కున్న చిన్న రసాయన ముద్రలు, ఉంటాయి కనుక అక్కడ అది పుట్టదు. జన్యువు అక్షరాలు మారకుండానే దాని పలుకు మారడాన్ని చెప్పే ఎపిజెనెటిక్స్ అన్న మాట ఇక్కడ వాడు, అంతకుముందు వద్దు. అమ్మ ప్రతి పోయిన బిడ్డకు మెదడులో ఏదీ మిగలదు. మాట రాదు, నడక తూలుతుంది, మూర్ఛలు వస్తాయి.

ఈ మందు జాతికి ఉన్న యాంటీసెన్స్ ఆలిగోన్యూక్లియోటైడ్ అన్న పేరు ఒక్కసారి చెప్పి వదిలేయ్, పని చూపించు. ఆ చిన్న ముక్క ఎదురు ఆర్‌ఎన్‌ఏకి అతుక్కుంటుంది. కణంలోని ఆర్‌నేస్ హెచ్ ఎంజైము ఆ జంటను పట్టుకుని ఆర్‌ఎన్‌ఏను కోసేస్తుంది. అడ్డు తొలగి నాన్న ప్రతి పలుకుతుంది. మిథైల్ గుర్తులు ఎక్కడివక్కడే ఉంటాయి కాబట్టి మందు అరిగాక మళ్లీ మౌనమే. రక్తంలోంచి మెదడుకి చేరదు కనుక నడుము దగ్గర వెన్నులోకి సూది, అదీ మళ్లీ మళ్లీ. "ఒక్క సూదితో" అన్న శీర్షిక తీసేయ్.

ఎలుకలనూ పిల్లలనూ ఒకే పేరాలో కలపకు. 2011లో టోపోటెకాన్ అనే క్యాన్సర్ మందు నాన్న ప్రతిని లేపింది ఎలుకల్లో. 2015లో యాంటీసెన్స్ ముక్క కొన్ని లోపాలను తగ్గించిందీ ఎలుకల్లోనే. అదే ఏడాది మరో ప్రయోగంలో, కాస్త ఎదిగాక జన్యువును తిరిగి పలికించినా ఎలుకల నడక తీరు మెరుగైంది, మూర్ఛలకు మాత్రం మరీ ముందే మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇక మనుషుల సంగతి: 2020లో జీటీఎక్స్-102 అనే యాంటీసెన్స్ మందు తొలి పరీక్షలో మందు తీసుకున్న ఐదుగురికీ కాళ్లు బలహీనపడ్డాయి. పరీక్ష ఆపారు, వాళ్లు కోలుకున్నారు, తర్వాత మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. దీన్ని నువ్వు చివరి పేరాలో దాచావు, ముందుకు తే. ఈ జన్యువు పలుకు ఎక్కువైనా ముప్పేనని కూడా చెప్పు: అమ్మ వైపు క్రోమోజోములో ఈ జన్యువున్న భాగం రెట్టింపైతే ఆటిజం, మూర్ఛలు వస్తాయి.

మన పాఠకుడి మొదటి ప్రశ్న "మేనరికమా?" అనే. కాదని తేల్చి రాయి. నూటికి 70 మందిలో అమ్మ క్రోమోజోములో ఆ జన్యువున్న ముక్కే ఊడిపోయి ఉంటుంది, దాదాపు ఎప్పుడూ కొత్తగా జరిగిందే. "తల్లి లోపం" అనే మాట కొట్టేయ్, ఇంట్లో ఆ నింద ఎవరి మీద పడుతుందో నీకు తెలుసు.

మరొకటి. మిథైల్ గుర్తులను చూసే మిథైలేషన్ పరీక్ష నార్మల్ అంటే జబ్బు లేనట్టే అని రాశావు. యూబీఈ3ఏలోనే అక్షరదోషం ఉంటే ఆ పరీక్షకు దొరకదు, జన్యువు అక్షరాలను చదివే సీక్వెన్సింగ్ చేయాలి. ఆ దోషం తల్లికి తన తండ్రి నుంచి వచ్చి ఉంటే, అది ఎటూ మౌనంగా ఉండే ప్రతి కనుక, ఆమెలో ఏ లక్షణమూ కనబడదు, తర్వాతి బిడ్డకు మాత్రం సగం అవకాశం ఉంటుంది. ఈ వాక్యాన్ని పక్కన పెట్టెలో వేయకు, వ్యాసం మధ్యలోనే ఉంచు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు