వారధి వస్తుంటే గుండె దడ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెయిల్స్ చాలావరకు భయం గురించే. పెద్ద పెద్ద ఆపదలేం కాదు, బస్సెక్కడం, వాన పడటం, వీధిలో కుక్క, సూది. వినేవాళ్ళకి ఇదో సమస్యా అనిపిస్తది కానీ పడేవాళ్ళకి రోజంతా దాని చుట్టూనే తిరుగుద్ది. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు బ్రాడీపేట, నాకు 36. విజయవాడ గవర్నరుపేటలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తా, చాలా ఏళ్ళుగా బస్సులోనే అప్ అండ్ డౌన్. పోయిన వేసవిలో ఓరోజు బస్సు కృష్ణ మీద వారధి ఎక్కగానే గుండె దడదడ కొట్టుకుని, ఊపిరాడక, వేళ్ళు తిమ్మిరెక్కి, ఇంక నా పని అయిపోయింది అనిపించింది. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ చేయించాం, అన్నీ నార్మలే. అప్పట్నుంచి బస్సంటేనే భయం. మావారు బండి మీద దింపుతున్నారు, ఆయనకి కుదరకపోతే లీవే. ఇప్పుడు బండి మీద కూడా వారధి వస్తుంటే కళ్ళు మూసుకుంటున్నా. మా అత్తగారు ఉద్యోగం మానెయ్యమంటున్నారు. భయం పోయేదాకా మానేస్తే నయమేనా?

జవాబు: మానెయ్యొద్దమ్మా, దయచేసి మానెయ్యొద్దు. భయం పోయాక వెళ్దాం అని కూర్చుంటే అది పోదు, పైగా పెరుగుద్ది, ఇప్పటికే బస్సు నుంచి బండిదాకా వచ్చింది చూడండి.

మీకు వచ్చింది పానిక్ అటాక్ లాగానే ఉంది. గుండె, థైరాయిడ్ చూపించుకున్నారు, చాలా మంచి పని చేశారు, ఎందుకంటే థైరాయిడ్ ఎక్కువైనా అచ్చం ఇలాగే దడ వస్తది. అవి బానే ఉన్నాయి కాబట్టి ఇక ఆరోజు ఏం జరిగిందో చెప్తా. ఏదో ప్రమాదం ఉందని మెదడు పొరపాటున అలారం కొట్టింది, అడ్రినలిన్ వదిలింది, గుండె వేగం పెరిగింది, మీరు ఊపిరి గబగబా తీశారు. అలా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతది, దానివల్లే వేళ్ళు తిమ్మిర్లు, కళ్ళు తిరగడం, ఎంత గాలి పీల్చినా చాలట్లేదు అనిపించడం. అంటే ఊపిరాడక కాదు, ఊపిరి ఎక్కువై. ఇది మామూలుగా 10 నిమిషాల్లోపే పైదాకా వెళ్ళి తర్వాత దానంతటదే దిగుద్ది, మీరేం చెయ్యకపోయినా దిగుద్ది.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుద్ది. బస్సు మానేసిన ప్రతిసారీ హమ్మయ్య అనిపిస్తుంది కదా, ఆ హమ్మయ్యతోపాటే మీ మెదడు ఇంకోటి కూడా నేర్చుకుంటది, ఎక్కలేదు కాబట్టి బతికిపోయాం అని. ఎక్కినా ఏమీ కాదు అనే సంగతి దానికి తెలిసే అవకాశమే మీరు ఇవ్వట్లేదు. నోటితో ఎంత ధైర్యం చెప్పుకున్నా దానికి ఎక్కదు, వారధి మీద కూర్చుని ఉండగా భయం దానంతటది తగ్గిపోవడం అది స్వయంగా చూడాలి.

అందుకని కొంచెం కొంచెంగా వెళ్దాం. ఆదివారం రద్దీ లేనప్పుడు గుంటూరు బస్టాండ్‌కి వెళ్ళి పల్లెవెలుగు ఎక్కండి, నాన్‌స్టాప్ వద్దు, పల్లెవెలుగైతే మధ్యలో ఎక్కడైనా దిగొచ్చు అనే నమ్మకం ఉంటుంది, పైగా ప్రభుత్వ స్త్రీశక్తి పథకం వచ్చాక ఆడవాళ్ళకి అందులో టికెట్ ఖర్చు కూడా లేదు, ఆధార్ చూపిస్తే చాలు. మొదట పెదకాకాని దాకా, గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని వెనక్కి వచ్చెయ్యండి. అది కాస్త విసుగు పుట్టేదాకా చెయ్యండి, విసుగు పుట్టిందంటే భయం తగ్గినట్టే. తర్వాత మంగళగిరి. ఆ తర్వాత మీవారితో కలిసి వారధి దాటండి, తర్వాత ఆయన ముందు సీట్లో మీరు వెనక సీట్లో, ఆ తర్వాత మీరొక్కరే. నాన్‌స్టాప్ అన్నిటికంటే ఆఖర్న. ప్రతిసారీ ఒక్కటే షరతు, భయం బాగా ఎక్కువ ఉన్నప్పుడు దిగొద్దు. కాస్త తగ్గిందాకా కూర్చుని అప్పుడు దిగండి. దడ వస్తే గాలి మింగొద్దు, ముక్కుతో మామూలుగా తీసి నోటితో నిదానంగా, తీసినదానికంటే ఎక్కువసేపు వదలండి.

ఇంకోటి, మీరు రాయలేదు గానీ చాలామంది చేస్తారు, డోర్ పక్క సీటే కావాలి, చేతిలో వాటర్ బాటిల్ ఉండాలి, ఫోన్‌లో ఎవరో ఒకరు లైన్‌లో ఉండాలి. మొదట్లో పర్లేదు, కానీ చివరికి అవి కూడా ఒక్కొక్కటీ వదిలెయ్యాలి, లేకపోతే మెదడు క్రెడిట్ అంతా బాటిల్‌కి ఇచ్చేస్తది. పొద్దున్నే కాఫీ రెండు మూడు కప్పులు తాగే అలవాటుంటే తగ్గించండి, కాఫీ కూడా దడ పెంచుద్ది. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం వేసుకోవద్దు. కొన్ని వారాలు ఇలా చేసినా కదలకపోతే సైకియాట్రిస్ట్‌నో సైకాలజిస్ట్‌నో కలవండి, దీనికి మంచి వైద్యం ఉంది. మీ అత్తగారికి కూడా నా మాటగా చెప్పండి, ఆవిడ ప్రేమతోనే అంటున్నారు, కానీ ఇవాళ ఉద్యోగం మానేస్తే రేపు కూరగాయలకి వెళ్ళడం కూడా కష్టమవుద్ది.

ప్రశ్న: మేడమ్, మా బాబుకి ఆరేళ్ళు, పటమటలో ఉంటాం. వీధిలో కుక్క కనపడితే చాలు ఏడుపు, స్కూల్ ఆటో దాకా కూడా నడవడు. మగపిల్లాడికి ఇంత పిరికితనం ఏంటని వాళ్ళ తాతయ్య బలవంతంగా కుక్క దగ్గరికి లాక్కెళ్తున్నారు. అది కరెక్టేనా?

జవాబు: కాదమ్మా, వెంటనే ఆపించండి. అలా లాక్కెళ్తే కుక్క భయానికి తాతయ్య భయం కూడా తోడవుద్ది. 1924లోనే అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ కుందేలంటే భయపడే పీటర్ అనే పిల్లాడి గురించి రాశారు, వాడు ఇష్టమైనది తింటూ ఉండగా కుందేల్ని గదిలో దూరంగా పెట్టి, వాడు కుదురుగా ఉన్నప్పుడల్లా కొంచెం దగ్గరికి జరుపుతూ వచ్చారు, చివరికి వాడే దాన్ని ముట్టుకున్నాడు. మీరూ అంతే, ముందు కుక్క బొమ్మలు, తర్వాత బాల్కనీ నుంచి చూడటం, తర్వాత తెలిసినవాళ్ళింట్లో టీకాలు వేయించిన, గొలుసుతో ఉన్న కుక్కని దూరం నుంచి. ఎంత దగ్గరికి వెళ్ళాలో బాబునే చెప్పనివ్వండి.

అయితే వీధి కుక్కల్ని ముట్టుకునేలా చెయ్యడం మన ఉద్దేశం కాదు, అక్కడ జాగ్రత్త ఉండాల్సిందే. పరిగెత్తొద్దు, కళ్ళలోకి చూడొద్దు, కుక్క తింటున్నప్పుడు, దాని పిల్లలతో ఉన్నప్పుడు దగ్గరికి పోవద్దు అని నేర్పండి. ఎప్పుడైనా కరిస్తే సబ్బు, ధార నీళ్ళతో 15 నిమిషాలు కడిగి అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్ళి టీకా వేయించాలి, పసుపూ కారం పెట్టకూడదు. ఏం చెయ్యాలో తెలిసిన పిల్లాడికి సగం భయం అక్కడే పోతది.

ప్రశ్న: అమ్మా, నా వయసు 52, విజయవాడ సింగ్‌నగర్. బుడమేరు వాగు వరద వచ్చినప్పుడు కింద ఇల్లు మొత్తం మునిగి మేము మేడ మీద ఉండిపోయాం. ఇప్పుడు రాత్రి వాన మొదలైతే నిద్ర రాదు, లేచి లేచి వీధిలో నీళ్ళు చూస్తా, టీవీ, వాట్సాప్ గ్రూపులు చూస్తా. ఇంట్లోవాళ్ళు ఇంకా ఏంటిది అంటున్నారు. మగాడినై ఉండి సిగ్గుగా ఉంది.

జవాబు: అన్నగారూ, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు గండ్లు పడి ఊళ్ళోకి వచ్చింది, ఆ గండ్లు పూడ్చడానికి ఆర్మీ రావాల్సొచ్చింది, మీరు నీళ్ళ మధ్య ఉండగానే అటు ప్రకాశం బ్యారేజ్ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైన నీళ్ళు వెళ్తున్నాయి. అంత చూసినవాళ్ళకి వాన చప్పుడు మామూలు చప్పుడు ఎలా అవుద్ది? బస్సు భయానికి చెప్పిన మాట మీకు చెప్పను. ఏమీ కాదులే అని చెప్పడం అబద్ధం అవుద్ది, మీ భయంలో నిజం ఉంది.

అందుకే దాన్ని రెండుగా విడదీద్దాం. నిజం ఉన్న భాగానికి పని చెప్పండి. వానాకాలానికి ముందే ఒక ఆదివారం కూర్చుని ఇంటి కాగితాలు, ఆధార్, ఎల్ఐసీ బాండ్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి మేడ మీదకి చేర్చండి, బీపీ షుగర్ మందులు నెలకి సరిపడా, టార్చి, పవర్ బ్యాంక్, తాగేనీళ్ళ క్యాన్లు, నీళ్ళొస్తే ఎవరింటికి వెళ్ళాలో, బండి ఎక్కడ పెట్టాలో ఇంట్లో అందరితో మాట్లాడి ఖాయం చేసుకోండి. కాగితం మీద రాసి గోడకి అంటించండి.

ఇక రెండో భాగం, రాత్రంతా కాపలా. సాయంత్రం ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి, అధికారులు హెచ్చరించినరోజు తప్ప ఇంక చూడొద్దు, వాట్సాప్ గ్రూపులు మ్యూట్‌లో పెట్టండి, వాటిల్లో పాత వీడియోలే కొత్తవని తిరుగుతుంటాయి. లేచి నీళ్ళు చూడాలనిపిస్తే వెంటనే లేవకుండా కాసేపు ఆగండి, రోజురోజుకీ ఆ కాసేపు పెంచండి. చిన్న వాన పడే పగటిపూట వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోండి, మీ ఆవిడతో టీ తాగండి, వాన తగ్గేదాకా లోపలికి రావద్దు.

ఆరోజు దృశ్యాలు కలల్లో వచ్చి ఉలిక్కిపడి లేవడం, సింగ్‌నగర్‌లోకి రావాలంటేనే ఇష్టం లేకపోవడం, చీటికీమాటికీ కోపం, ఇవి కూడా ఉంటే అది ఒట్టి భయం కాదు, వైద్యం కావాలి. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. రాత్రి రెండింటికి వాన పడుతున్నప్పుడైనా చెయ్యొచ్చు. ఇంట్లోవాళ్ళకి ఈ పేజీ చూపించండి, ఇంకా ఏంటిది అని అడగడం ఆపి పక్కన కూర్చోమనండి.

ప్రశ్న: అక్కా, నేను ఇంటర్ సెకండియర్, గుంటూరు. బ్లడ్ టెస్ట్ అంటే కళ్ళు తిరిగి పడిపోతా, రెండుసార్లు పడ్డా. ఫ్రెండ్స్ గాలి బాగా పీల్చి రిలాక్స్ అవ్వమంటున్నారు, అయినా పడుతున్నా.

జవాబు: చిట్టితల్లీ, మిగతా భయాల్లో బీపీ పెరుగుద్ది, రక్తం, సూది భయంలో మాత్రం ముందు కాస్త పెరిగి తర్వాత ఒక్కసారిగా పడిపోద్ది, అందుకే కళ్ళు తిరుగుతాయి. కాబట్టి నువ్వు రిలాక్స్ అవ్వకూడదు, బిగించాలి. స్వీడన్ సైకాలజిస్ట్ లార్స్ గోరాన్ ఓస్ట్ చెప్పిన పద్ధతి ఇది. కాళ్ళు, పొట్ట, సూది గుచ్చని చెయ్యి గట్టిగా బిగించి, మొహం వెచ్చబడేదాకా, 10 నుంచి 15 సెకన్లు ఉంచు, వదిలి అర నిమిషం ఆగు, మళ్ళీ బిగించు, ఇలా ఐదుసార్లు. ఇంట్లో కొన్నాళ్ళు ప్రాక్టీస్ చేసి అప్పుడు వెళ్ళు. ల్యాబ్‌లో ముందే చెప్పు, నేను పడిపోతాను, పడుకోబెట్టి తియ్యండి అని, వాళ్ళకి ఇది అలవాటే. ఫాస్టింగ్ టెస్ట్ కాకపోతే టిఫిన్ తిని, నీళ్ళు తాగి వెళ్ళు, తీశాక వెంటనే లేవకుండా ఇంకో పది నిమిషాలు అక్కడే పడుకో.