ఫ్లోర్ హీటింగ్ (నేల కిందనుంచి గదిని వెచ్చబెట్టే ఏర్పాటు) పెట్టించాలి: కరెంటుదా, వేడినీళ్లదా?

ఇల్లు కొత్తగా కడుతున్నారా, కట్టిన ఇంట్లో పెట్టిద్దామనుకుంటున్నారా అన్నది ముందు తేలాలి. ఒక్క బాత్రూమ్‌కే అయితే కరెంటుది చాలు, టైల్స్ కింద వేడెక్కే తీగలున్న, కొన్ని మిల్లీమీటర్ల మందం మ్యాట్ పరిచేస్తారు, పెట్టడానికి ఖర్చు తక్కువే కానీ ఇల్లంతా దాంతోనే వెచ్చబెడితే బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. ఇల్లంతటికీ వేడినీళ్ల పైపులదే నయం. నీళ్లు 35-45 డిగ్రీలుంటే సరిపోతాయి కాబట్టి హీట్ పంపుకి (బయటి గాలిలోనో నేలలోనో ఉన్న వేడిని లాగి నీళ్లు కాచే కరెంటు మెషీన్) బాగా కుదురుతుంది, కాకపోతే పైపుల మీద సిమెంటు పొర వేస్తే నేల ఎత్తు పెరుగుతుంది, కట్టిన ఇంట్లో అయితే తలుపుల అడుగు కోయాల్సి రావచ్చు (ఇది చాలామందికి చివర్లో గుర్తొస్తుంది!). పైగా స్విచ్ వేయగానే వెచ్చబడదు, గంటలు పడుతుంది. ఏది పెట్టినా కింద ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) మానకండి, లేకపోతే వేడి కిందికి పోతుంది. పైన టైల్స్, రాయి బెస్ట్; మందం కార్పెట్ వద్దు.