ఎండాకాలం సెలవులు, ఇంట్లో పిల్లలు, సగంలో ఉన్న నవల

మీ ప్రశ్న ఇది: పాపకి మూడేళ్ళు, నవల సగంలో ఆగింది, సెలవుల్లో ఇంట్లో పిల్లలుంటే రాసేవాళ్ళు ఎలా రాస్తారు, ఏం చదువుతారు, తండ్రి అయ్యాక రాత మారుతుందా అని. నేను తెనాలిలో ఉంటాను. కాలేజీలో పాఠాలు చెప్తాను, నవలలు రాస్తాను. ఇద్దరు పిల్లలు, పెద్దది ఆరో తరగతి, చిన్నోడు ఒకటో తరగతి. నా ఇంట్లో జరిగేదే చెప్తాను.

సూటిగా చెప్పాలంటే, ఎండాకాలంలో నేను కొత్త అధ్యాయాలు రాయను. చదువుతాను, అదీ ఎక్కువగా పిల్లల కోసం పైకి చదువుతాను. నా రాతకి ఏడాది మొత్తంలో అంత మేలు చేసే పని ఇంకొకటి లేదు.

బడులకి ఏప్రిల్ 24 దగ్గర సెలవులిస్తే మళ్ళీ తెరిచేది జూన్ 12కి. నా భార్యది బ్యాంకు ఉద్యోగం, తనకి సెలవులుండవు, నాకుంటాయి, కాబట్టి పగలంతా పిల్లలు నా దగ్గరే. తెల్లవారుజామున లేచి, ఎండ ఎక్కకముందే, నోటుబుక్కులో ఏవో రాసుకుంటాను: ఒక మనిషి నడక, ఒక వీధి పేరు, ఎక్కడో విన్న మాట. అంతే. అధ్యాయం జోలికి మాత్రం వెళ్ళను. అధ్యాయం మధ్యలో ఉన్నప్పుడు పిల్లాడు వచ్చి మీద పడితే కోపం వస్తుంది, ఆ కోపం తెగిపోయిన వాక్యం మీదే గానీ వాడి మీద కాదు, అయినా వాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? అందుకని ఆ నెలన్నర రాత బల్ల మీద నవల కాగితాలు ఉంచను, బీరువాలో పెట్టేస్తాను.

ఇక చదవడం. మా ఇంట్లో మా నాన్న బైండు చేయించి దాచిన పాత చందమామలు ఉన్నాయి. రాత్రి డాబా మీద పక్కలు వేసుకున్నాక ఒక బేతాళ కథ. చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది, బేతాళ కథలకి మూలమైన సంస్కృతం కథలు పాతికే, అవి అయిపోయినా అదే చట్రంలో కొత్త కథలు అల్లుతూ దశాబ్దాల పాటు వేశారు. రాసేవాళ్ళకి ఇది గొప్ప పాఠశాల అని నా గట్టి నమ్మకం, ఎందుకంటే కథ నడిపినంత సేపు నడిపి, తీర్పు చెప్పాల్సిన చోట ఆపేసి, ప్రశ్న వేస్తారు. నేను సరిగ్గా అక్కడ పుస్తకం మూసేస్తాను. రాజు ఏం చెప్పాడో చదవను. పిల్లల్నే చెప్పమంటాను.

అప్పుడు చూడాలి. పెద్దది న్యాయం వైపు నుంచి వస్తుంది, ఎవరు మాట తప్పారు, ఎవరు తప్పలేదు, అంతవరకే దాని లెక్క. చిన్నోడు అలా కాదు. ఒకసారి రాజుగారు, మంత్రిగారు, త్యాగం చేసిన యువకుడు, ఇంత పెద్ద గొడవ జరిగాక వాడు అడిగింది ఏమిటంటే, మొదట్లో రెండు వాక్యాల్లో కనబడి వెళ్ళిపోయిన బంటు ఏమయ్యాడని. "వాడు ఇంటికెళ్ళాడా నాన్నా? వాళ్ళమ్మ చూస్తా ఉంటుంది కదా?" కథలో దానికి జవాబు లేదు. నాకు ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు, నా నవలలో అలా ఉత్తరం ఇచ్చి వెళ్ళిపోయినవాళ్ళు, తలుపు తీసి పక్కకి తప్పుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో వరసగా గుర్తొచ్చారు. అందరికీ కథ రాయలేం, రాయక్కర్లేదు కూడా. కానీ వాళ్ళకీ ఒక ఇల్లుందని రాసేవాడికి తెలిసి ఉంటే ఆ రెండు వాక్యాలు వేరేగా వస్తాయి.

పైకి చదివితే తెలిసే ఇంకో సంగతి వాక్యం గురించి. మన తెలుగులో క్రియ చివర్న వస్తుంది. "వచ్చి, చూసి, కూర్చుని, లేచి" అంటూ ఎంత దూరమైనా లాగొచ్చు. కళ్ళతో చదివేటప్పుడు తికమక పడితే వెనక్కి వెళ్ళి చూసుకుంటాం. చెవికి ఆ వీలు లేదు. ఇద్దరు మనుషులున్న పొడుగాటి వాక్యం చదవగానే చిన్నోడు "ఎవరు లేచారు?" అంటాడు, తిరిగి చూస్తే నిజంగానే ఎవరు లేచారో తెలియదు. అలాగని చిన్న వాక్యాలే రాయాలని కాదు, ఈ సలహా అందరూ ఇస్తారు, నేను ఒప్పుకోను. మా అమ్మ పిల్లలకి చెప్పే కథల్లో ఒక్కో వాక్యం ఊపిరి తిప్పుకోకుండా సాగుతుంది, అయినా వాళ్ళు ఎక్కడా తప్పిపోరు, ఎందుకంటే జరిగింది జరిగిన వరసలోనే చెప్తుంది, మనిషి మారినప్పుడల్లా ఆ మనిషి పేరు మళ్ళీ అంటుంది. జూన్‌లో నవల బయటికి తీశాక నా పేజీలు కూడా అలాగే పైకి చదువుకుంటాను, గదిలో ఎవరూ లేకపోయినా.

ఇప్పుడు రాస్తున్న నవలకి ప్రాణం పోసింది మా పెద్దదే, అది చెప్పాలి. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువ మీద బోటు గ్రంథాలయం నడిపారు, పెదవడ్లపూడి, పెదపులివర్రుల మధ్య. పడవలో పుస్తకాలు పెట్టుకుని కాలువ ఒడ్డు ఊళ్ళకి వెళ్ళి చదువుకోవడానికి ఇచ్చేవారు. ఆ కాలం మీద ఇష్టంతో నేను ఒక కల్పిత పడవని, దాని మీద ఒక కల్పిత కుటుంబాన్ని పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. చాలా పేజీలు రాశాక కథ కదలడం మానేసింది. పోయిన వేసవిలో సాయంత్రం పూట పిల్లల్ని కాలువ గట్టుకి తీసుకెళ్ళాను. మా ఊళ్ళో మూడు కాలువలు, ఎండాకాలం నీళ్ళు కట్టేస్తారు, అడుగున పగుళ్ళిచ్చిన బురద, అక్కడక్కడ గుంటల్లో కాస్త నీళ్ళు. పెద్దది గట్టు మీద నిలబడి అడిగింది: "మరి నీళ్ళు లేనప్పుడు ఆ పడవ వాళ్ళు ఏం చేసేవాళ్ళు?"

నా నవలంతా నిండు కాలువలోనే ఉంది. కాలువ ఎండిన రెండు నెలలు, పడవ గట్టున పడి ఉన్న రెండు నెలలు, పుస్తకాలు ఎవరి పంచలో ఉన్నాయి, తీసుకెళ్ళినవాళ్ళు తిరిగి ఎలా ఇచ్చారు, పడవ నడిపేవాడు కూలికి ఎక్కడికి వెళ్ళాడు, అతని కూతురు అన్నాళ్ళూ ఏం చదివింది? ఆ ప్రశ్నల చుట్టూనే ఇప్పుడు కథ నడుస్తోంది. నేను బల్ల దగ్గర కూర్చుని ఉంటే ఆ ప్రశ్న నాకు వచ్చేది కాదు.

తండ్రి అయ్యాక రాత మారుతుందా అన్నారు కదా. మారుతుంది. నా మొదటి నవలలో తండ్రి పాత్ర ఉన్నదల్లా కొడుకు బాధకి కారణం చూపించడానికే. ఇంటికొస్తాడు, గట్టిగా మాట్లాడతాడు, పడుకుంటాడు. ఇప్పుడు అలాంటి మనిషిని రాయాలంటే, ఇంటికొచ్చే ముందు దారిలో ఎక్కడ ఆగాడు, జేబులో ఎంత ఉంది, గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఏం అనుకున్నాడు, ఇవన్నీ అడుగుతాను. అతన్ని మంచివాణ్ణి చేయడానికి కాదు. అతనికీ ఒక సాయంత్రం ఉందని.

ఒక నియమం మాత్రం పెట్టుకున్నాను. పిల్లలు నమ్మకంతో నాకు చెప్పుకున్నవి నవలలోకి రావు. వాళ్ళ మాట ఏదైనా వాడుకోవాలనిపిస్తే అడుగుతాను, కాలువ ప్రశ్న వాడుకోమని పెద్దది ఒప్పుకుంది, ఇంకొకటి వద్దంది, అది ఎక్కడా రాయలేదు. మీరూ ఇప్పటినుంచే అలా అనుకోండి, రేపు పాప పెద్దయ్యాక మీ పుస్తకం చదువుతుంది.

నా సొంత చదువు మధ్యాహ్నాలు, వడగాలికి బయటికెళ్ళలేని వేళ. కొత్తవి తక్కువ, ఇరవైల వయసులో చదివిన నవలలే మళ్ళీ తీస్తాను. పిల్లలు పక్కనే వాళ్ళ పుస్తకాలతో దొర్లుతుంటారు. ఫోన్ ముట్టుకోవద్దని నేను చెప్పను, నా చేతిలో ఫోన్ ఉండదు, అంతే.

పుస్తకాలు కొనలేకపోతున్నాం అని టెన్షన్ పడకండి. ఇంటి పన్నుతో పాటు మనం గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, రూపాయికి 8 పైసలు, ఆ శాఖా గ్రంథాలయాలు మనవే. చాలాచోట్ల వేసవిలో పిల్లలకి శిబిరాలు కూడా పెడతారు. వీలైతే వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకెళ్ళండి. 1918లో పుట్టిన గ్రంథాలయం, పాత పత్రికలు అక్కడ దాచినట్టు చాలా తక్కువ చోట్ల దాచారు. తెనాలి నుంచి రైల్లో బాపట్ల, చీరాల దాటితే వేటపాలెమే. నేను నవల కోసం పాత పత్రికలు చూస్తుంటే పెద్దది నా పక్కన కూర్చుని వార్తలన్నీ వదిలేసి ప్రకటనలే చదివింది, నాకు పనికొచ్చిన వివరాలు సగం అక్కడే దొరికాయి.

మీ పాపకి మూడేళ్ళే కాబట్టి బేతాళ కథలు ఇప్పుడే వద్దు, శవం, శ్మశానం అంటే రాత్రిళ్ళు భయపడతారు. ఆ వయసులో మావాళ్ళకి పేదరాశి పెద్దమ్మ కథలు బాగా నచ్చాయి, నోటితోనే చెప్పేవాణ్ణి. ఒకే కథ రోజూ అడుగుతారు, విసుక్కోకుండా చెప్పండి. ఒక్క మాట మార్చి చూడండి, పాపే ఆపి సరిచేస్తుంది, ఏ మాట దగ్గర ఆపిందో నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.